నలభై ఒక్క వీడియోలు

ఆ వారంలో పడవ ఆగిపోవడం అది మూడోసారి. సరిగ్గా తుపాను మధ్యలో, పడవకంటే ఎత్తుగా లేచిన అల మీద పడబోతుండగా తెర బిగుసుకుపోయింది. హెడ్‌ఫోన్లో ఒకే శబ్దం గర్ గర్ గర్ మంటూ ముక్కలుముక్కలుగా మోగింది. తర్వాత తెరంతా నల్లబడింది. బల్ల కిందున్న కంప్యూటర్ పెట్టె తనంతట తానే ఆరిపోయి, రొప్పుతూ మళ్లీ వెలిగింది.

ఆమె మళ్లీ ఆటలోకి వెళ్లేసరికి పడవ మునిగిపోయి ఉంది.

"నా కంప్యూటరే మళ్లీ మొరాయించింది. ఏమీ అనుకోకండి" అంది మైకులో.

"సరే" అంది నర్సమ్మ. మరుక్షణం ఆమె పేరు పక్కనున్న పచ్చచుక్క ఆరిపోయింది.

రెండేళ్లుగా ముగ్గురూ కలిసి ఆ ఆట ఆడుతున్నారు. ఒక సరుకు పడవని తుపాన్లలోంచి, రాళ్లలోంచి దాటించి రేవుకి చేర్చాలి. సాయంత్రం ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా, ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూడకుండా ఆడేవారు. చుక్కాని నర్సమ్మది. ఆమె నిజంగానే ఎక్కడో ఆస్పత్రిలో నర్సు. ఇంజిను గది ఈమెది. అందుకే ఆటలో పేరు కూడా ఇంజినమ్మ అని పెట్టుకుంది. దారి చూసి చెప్పేది కెప్టెన్‌గారు. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు సర్వే ఆఫీసులో మ్యాపులు గీసి రిటైరయ్యాడు. ఆయనకి నత్తి. "ఎ... ఎ... ఎడమకి" అనడానికి ఆయనకి పట్టే సమయంలో పడవ రెండు రాళ్లకి గుద్దుకోగలదు. అందుకని ఆయన "ఎ" దగ్గర ఆగగానే నర్సమ్మ ఎడమకి తిప్పేసేది, "కు" దగ్గర ఆగితే కుడికి. మాట పూర్తయ్యేలోపు పడవ తిరిగిపోయి ఉండేది. "నా... నాకంటే ముందే మీకు తె... తెలిసిపోతోంది" అని ఆయన మురిసిపోయేవాడు.

ఆ కెప్టెన్‌గారు పది రోజులుగా రావడం లేదు. నర్సమ్మ పొడిపొడిగా మాట్లాడుతోంది. ఎందుకో ఇంజినమ్మకి తెలుసు, లేదా తెలుసనుకుంది. తన కంప్యూటర్ వల్ల వరసగా ఎన్ని పడవలు మునిగాయో లెక్కే లేదు. ఎవరికైనా విసుగు పుడుతుంది. పాపం పెద్దమనిషి, ఎంతకని ఓర్చుకుంటాడు?

"కొత్తది కొనుక్కో అక్కా. దీని పని అయిపోయింది" అన్నాడు తమ్ముడు, గది గుమ్మంలో నిలబడి పళ్లు కుట్టుకుంటూ.

"ఆటలే మానేస్తే సరి. పీడా పోతుంది" అన్నాడు భర్త, పక్కగదిలో దుప్పటి మీదకి లాక్కుంటూ. ఆయన బేకరీలో పనిచేస్తాడు. కోడి కూయకముందే పిండి పిసకాలి కాబట్టి ఎనిమిదింటికే పడుకుంటాడు.

పదహారేళ్లుగా లిఫ్టులు బాగుచేసే మనిషి ఆమె. చెడిపోయిన వస్తువుని చూసి చేతులెత్తేయడం ఆమెకి అలవాటు లేదు.

లిఫ్టుల పనంటే చాలామంది తీగలూ మోటార్లూ అనుకుంటారు. సగం పని మురికితోనే. ప్రతి లిఫ్టుకీ అడుగున ఒక గుంత ఉంటుంది. తలుపు సందులోంచి జారిపడ్డ ప్రతిదీ అక్కడికే చేరుతుంది. తాళంచెవులు, చూయింగ్ గమ్, సగం కొరికి పడేసిన పళ్లు, ఉమ్ములు, ఒక్కోసారి చచ్చిన ఎలుక. ఆమె వాటి మధ్యే మోకాళ్ల మీద కూర్చుని పనిచేసి, చేతులు కడుక్కుని, అదే మెట్ల మీద కూర్చుని అన్నం తినగలదు. "నీకు రోత అనేదే లేదా?" అని తోటి పనివాళ్లు అడిగితే, "వస్తువుల మురికి రోత ఏమిటి? కడిగితే పోతుంది" అనేది.

ఆమె సెలవు రోజున పొద్దున్నే బల్ల ముందు కూర్చుంది. పనిలో చేరిన కొత్తలో మేస్త్రీ నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక పరీక్షించాలి. రెండు కలిపి మార్చావంటే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు.

ముందు ఇంటర్నెట్టుని అనుమానించింది. గాలిలో వచ్చే సిగ్నల్ వదిలేసి, హాల్లోంచి పొడుగాటి వైరు లాక్కొచ్చి నేరుగా పెట్టెకి గుచ్చింది. ఒంటరిగా ఆట తెరిచి, ఇంజిను గదిలో మూడు నిమిషాలు తిరిగింది. అదే తంతు. రెండు మూడు సెకన్లకోసారి బొమ్మ ఎవరో గొంతు పట్టుకున్నట్టు ఆగి, మళ్లీ కదులుతోంది. వైరు చుట్టి పక్కన పెట్టింది. బొమ్మల నాణ్యత తగ్గించింది. నీళ్లు బురదలా, అలలు అట్టముక్కల్లా తయారయ్యాయి తప్ప ఆగడం ఆగలేదు. గ్రాఫిక్స్ కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం కొత్తది ఎక్కించింది. అదీ లాభం లేకపోయింది.

తర్వాత వేడి కొలిచే చిన్న ప్రోగ్రాం పెట్టి చూసింది. ఆట మొదలైన నాలుగు నిమిషాలకి ప్రాసెసర్ తొంభై ఎనిమిది డిగ్రీలకి చేరింది. మరో నిమిషానికి పెట్టె ఆరిపోయింది.

"ఇదన్నమాట" అనుకుంది. ఆరిపోవడానికి కారణం వేడి. ఇంత వేడి పుట్టడానికి కారణం లోపలెక్కడో ఉండాలి. వైర్లన్నీ పీకి, పెట్టెని ఎండ పడే కిటికీ దగ్గరికి తెచ్చి, పక్క రేకు మరలు విప్పింది.

ముందు వాసన వచ్చింది. తీపి పానీయం పులిసిపోయిన వాసన, దాని కింద ఇంకేదో మెత్తటి, నూనె కంపు. పెట్టెలో దుమ్ము ఉంటుందని తెలుసు. ఆర్నెల్ల కిందట తనే తుడిచింది. కానీ ఇది దుమ్ము కాదు. బూడిదరంగు దుప్పటిలా మందంగా పరుచుకుని, జిగటగా వేలికి అంటుకుంటోంది. పెట్టె పైన గాలి పోయే సందుల్లోంచి కూల్‌డ్రింకు కారి, ఫ్యాను రెక్కల మీద ఎండి గోధుమరంగు చారలు కట్టింది. ఆ జిగటలో చిప్స్ ముక్కలు, బిస్కెట్ పొడి, నూడుల్స్ పోగొకటి పురుగులా వంకర తిరిగి ఎండిపోయి ఉన్నాయి. ఆ తిండికోసం వచ్చినవి అక్కడే కాపురం పెట్టాయి. ప్రాసెసర్ మీది ఫ్యాను కింద బొద్దింకల రెక్కలు, కాళ్లు, గోధుమరంగు గుడ్ల తిత్తులు నాలుగైదు కనబడ్డాయి. బ్రష్షు తగలగానే ఒకటి బతికున్నది బయటికొచ్చి, మీసాలాడిస్తూ ఆమెవైపు చూసి, ఆమె మణికట్టు మీదుగా పారిపోయింది.

దానికామె ఉలిక్కిపడలేదు. ఆ పక్కనే కనబడినవి చూసి మాత్రం బ్రష్షు కింద పెట్టేసింది. కొరికి ఊసేసిన గోళ్లు. ఒకటి రెండు కాదు, సందుల్లోంచి జారి అడుగున చిన్న కుప్పగా చేరాయి. వాటితోపాటు చెవిగులిమి అంటిన దూదిపుల్లలు. బల్ల అడుగున, పెట్టె పైభాగాన వరసగా అంటించిన చూయింగ్ గమ్ ముద్దలు, పంటిగాట్లతో సహా.

తమ్ముడు నాలుగు నెలలుగా వీళ్లింట్లోనే ఉంటున్నాడు. ముప్ఫై మూడేళ్లవాడు, కాల్‌సెంటర్ ఉద్యోగం పోయింది. పగలంతా ఆ బల్ల దగ్గరే కూర్చుంటాడు, ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకుంటున్నానంటాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, ఒంటి నిండా సెంటు. మనిషిని చూస్తే శుభ్రానికి పెట్టింది పేరులా ఉంటాడు.

ఆమె చేతులకి తొడుగులు వేసుకుని, నోటికి గుడ్డ కట్టుకుని రెండు గంటలు కూర్చుంది. ఫ్యాన్లు ఊడదీసి స్పిరిట్‌తో కడిగింది. గుడ్ల తిత్తుల్ని పట్టకారుతో ఏరి మరిగే నీళ్లలో వేసింది. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు ఎండి పెళుసెక్కితే దాన్ని గీకి, కొత్త పేస్టు గోరంత పెట్టి నొక్కింది. మరలు బిగించి, వైర్లు గుచ్చి మళ్లీ ఆట తెరిచింది. ఇరవై నిమిషాలు ఇంజిను గదిలో బొగ్గు వేసింది. అరవై ఎనిమిది డిగ్రీలు. పెట్టె ఆరిపోలేదు.

కానీ బొమ్మ మాత్రం అలాగే కునికిపాట్లు పడుతోంది.

ఒక జబ్బు పోయి ఇంకో జబ్బు మిగిలింది. ఆటని చిన్నది చేసి, వెనక ఏమేం నడుస్తున్నాయో జాబితా తెరిచింది. ఆమె ఎక్కించనివి రెండు కనబడ్డాయి. ఒకటి తెర మీద జరిగేదంతా వీడియోగా పట్టేది. కంప్యూటర్ వెలగగానే దానంతటదే మొదలయ్యేట్టు పెట్టారు, ఆపేవాళ్లు లేరు. తను ఆడిన సాయంత్రాలు కూడా అది పడుతూనే ఉంది. రెండోది గొంతు మార్చే ప్రోగ్రాం. దాని బొమ్మ మీద ఒక ఆడమనిషి పెదవులున్నాయి.

హార్డ్ డిస్క్ చూసింది. అంచుదాకా ఎర్రగా నిండిపోయింది. ఊపిరాడే జాగా లేదు. ఇక ఆట ఎలా కదులుతుంది? ఏది అంత మేస్తోందో వెతుక్కుంటూ పోతే 'దరఖాస్తులు' అనే ఫోల్డర్ దొరికింది. దాన్నిండా వీడియోలే. లోపల 'అయినవి' అని విడిగా ఇంకో ఫోల్డరు, దాన్లో కత్తిరించి, పేర్లు పెట్టి సిద్ధం చేసినవి నలభై ఒకటి.

మొదటి దాని పేరు 'నత్తి తాత, ఎపిసోడ్ ఒకటి'.

నొక్కింది.

అదే పడవ. మధ్యాహ్నం వేళ, పడవలో ఇద్దరే ఉన్నారు, కెప్టెన్‌గారు, ఇంజినమ్మ. కంప్యూటర్ తెరిస్తే ఆమె పేరుతోనే ఆటలోకి వెళ్తుంది. ఆయన సంతోషంగా, "ఇ... ఇంజినమ్మా, ఈవేళ సె... సెలవా?" అన్నాడు.

"ఊ. సెలవే. మీతో మాట్లాడదామని వచ్చా" అంది ఇంజినమ్మ.

అది ఆమె గొంతు. సరిగ్గా ఆమెదే. మాటకి ముందు చిన్నగా దగ్గడం, "ఊ" అని సాగదీయడం, చివర్లో గాలి వదలడం, అన్నీ ఉన్నాయి. తమ్ముడికి చిన్నప్పటినుంచీ మనుషుల్ని అనుకరించడం వెన్నతో పెట్టిన విద్య. మిగిలిన పని గొంతు మార్చే ప్రోగ్రాం చేసింది.

"కెప్టెన్‌గారూ, ఆ రేవు పేరేమిటన్నారు? వినబడలేదు" అని ఆ గొంతు అడుగుతోంది. ఆయన చెబుతున్నాడు. "మళ్లీ చెప్పండి, సిగ్నల్ సరిగా లేదు." ఆయన మళ్లీ చెబుతున్నాడు. ఆరుసార్లు చెప్పించాడు. ప్రతిసారీ ఆయన ఆ అక్షరం దగ్గర పడి లేస్తుంటే, తెర మీద కప్ప ఎగురుతున్న బొమ్మ, గాడిద ఓండ్రింపు, డప్పు శబ్దం అతికించాడు.

ఆమె మరొకటి నొక్కింది, ఇంకొకటి నొక్కింది. ఒకదాంట్లో ఆయన చేత పాట పాడించాడు. ఒకదాంట్లో ఆయన, తన భార్య పోయి మూడేళ్లయిందనీ, కొట్టువాడితో తప్ప రోజంతా ఎవరితోనూ మాట్లాడననీ, ఈ పడవ మీద మాత్రం నోరు తెరవడానికి భయం వేయదనీ చెప్పుకుంటున్నాడు. అంత పొడుగు మాట చెప్పడానికి ఆయనకి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల కింద ఒక మూల గడియారం తిరుగుతున్న బొమ్మ, దాని పక్కన గురక పెడుతున్న బొమ్మ.

నలభై ఒకటోది పది రోజుల కిందటిది. 'తాత ఏడ్చాడు, ఫైనల్' అని ఉంది.

"మీకో నిజం చెప్పనా కెప్టెన్‌గారూ? మీరు మాట్లాడుతుంటే నేనూ నర్సమ్మా మైకు మూసుకుని నవ్వుకుంటాం. రెండేళ్లుగా. మీరింకా మానరేంటని పందెం కూడా వేసుకున్నాం" అంది ఆమె గొంతు.

చాలాసేపు నిశ్శబ్దం. దాని కింద నీటిబొట్టు పడుతున్న శబ్దం అతికించి ఉంది. తర్వాత ఆయన "క్ష... క్ష... క్ష..." అన్నాడు. ఆ మాట పూర్తికాలేదు. ఆయన పేరు పక్కనున్న చుక్క ఆరిపోయింది. వెంటనే పగలబడి నవ్వులు, చప్పట్లు.

బ్రౌజరు తెరిచి చూస్తే, అవన్నీ తమ్ముడు నడిపే 'నవ్వుల డబ్బా' అనే వీడియో ఛానెల్లో అందరూ చూసేట్టు పెట్టి ఉన్నాయి. కింద జనం రాసిన మాటలు కూడా ఉన్నాయి. 'పొట్ట చెక్కలైంది బ్రో', 'తాతని మళ్లీ తీసుకురా', 'ఇంకొంచెం ఏడిపించాల్సింది'.

ఆమె నోరు ఉప్పగా ఊరింది. లేచి సింకు దగ్గరికి వెళ్లి ఉమ్మింది. చేతులు కడుక్కుంది. అప్పటికే రెండుసార్లు కడుక్కున్న చేతులే. మళ్లీ సబ్బు రుద్ది, గోళ్ల సందుల్లో రుద్ది, మోచేతులదాకా రుద్దింది. అద్దంలో తన నోరు చూసుకుంటే, ఆ మాటలన్నీ నిజంగా అందులోంచే వచ్చినట్టు అనిపించింది. పుక్కిలించి ఊసింది.

తమ్ముడు ఆలస్యంగా నిద్రలేచి, తయారై, చేతిలో చిప్స్ పొట్లంతో గదిలోకి వచ్చాడు. తెర మీద ఆగి ఉన్న వీడియో చూశాడు. మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. అంతలోనే నవ్వేశాడు.

"దొరికిందా? నేనే చూపిద్దామనుకున్నా. ఎలా ఉందక్కా? నీ గొంతు అచ్చు దిగిపోయింది కదా?"

"ఇది నువ్వేనా చేసింది?"

"మరెవరు చేస్తారు? రెండు వేలమంది చూశారు తెలుసా ఆఖరిది?"

"ఆయన పది రోజులుగా రావడం లేదురా."

"రాకపోతే ఇంకొకడు వస్తాడు. ఎవడో ముక్కూ మొహం తెలియని ముసలాడు అక్కా. వాడెవడో, మనమెవరో. సరదాకి చేసిందానికి అంత మొహం పెడతావేంటి?" అని ఓ చిప్ నోట్లో వేసుకుని, నూనె వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

అతను నమలడం, ఆ కరకర శబ్దం, పెదవి మీద అంటిన ఉప్పు, ఏదీ ఆమె చూడలేకపోయింది. ఎత్తుకుని తిప్పిన తమ్ముడు. జ్వరమొస్తే ఒళ్లో వాంతి చేసుకుంటే తుడిచిన తమ్ముడు. ఆ వాంతి అసహ్యం అనిపించలేదు ఆమెకి ఎన్నడూ. ఇప్పుడు ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ మనిషిని చూస్తే ఒళ్లు జలదరించింది.

"ఆ పొట్లం అవతల పెట్టి మాట్లాడు" అంది.

"అబ్బో, మహా పతివ్రతలా మాట్లాడకు. నువ్వు నవ్వలేదా? పెదనాన్న సంగతి మర్చిపోయావా?"

ఆమె మర్చిపోలేదు. పక్షవాతం వచ్చి పెదనాన్న మూతి పక్కకి తిరిగిపోయిన ఏడాది ఆమెకి పందొమ్మిది, వీడికి పది. నీళ్లు కావాలంటే "ఈ... ఈ..." అని ఆయన పడే పాటుని వీడు మూతి వంకర తిప్పి అచ్చంగా చేసి చూపించేవాడు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు "ఏదీ, మళ్లీ చెయ్యరా" అని అడిగి చేయించింది ఆమే. అందరూ విరగబడి నవ్వేవారు. పెదనాన్న మంచం పక్కగదిలోనే ఉండేది. మధ్య తలుపు తెరిచే ఉండేది. తెరిచి ఉందని ఆమెకి తెలుసు.

"అవును, నవ్వాను" అంది. "అదీ ఇలాంటి కంపే. నీకు రుచి మప్పింది నేనే. అయినా ఆ పేరు చెప్పి తప్పించుకోలేవు. నీ మాటలు నీవే. సామాను సర్దుకో."

"ఏంటి?"

"ఇంకో గంటలో నువ్వు ఈ ఇంట్లో ఉండకూడదు."

మాటలు పెరిగేసరికి, బేకరీ నుంచి వచ్చి నడుం వాల్చిన భర్త లేచి వచ్చాడు. విషయం చెప్పింది. ఆయన తలగోక్కుంటూ విన్నాడు.

"సరే, తప్పే అనుకో. దానికి తోడబుట్టినవాణ్ని వీధిలోకి గెంటుతావా? అదేదో ఆటలో పరిచయం కోసం?"

"మీరు ఒకటి చూడండి. చూశాక చెప్పండి" అని తెరవైపు చెయ్యి చూపించింది.

ఆయన తెరవైపు చూడలేదు. "చూశాలే" అన్నాడు మెల్లగా. "వాడు ఫోన్లో ఒకటి చూపించాడు. అది నీ గొంతని నేను... ఏదో నవ్వొచ్చింది. అంతే."

ఆమె ఇద్దరివైపూ చూసింది. ఒక మంచం మీద పడుకునే మనిషి, ఒక కడుపున పుట్టిన మనిషి. తను లిఫ్టు గుంతల్లోంచి వచ్చి సబ్బుతో కడుక్కుని ఈ ఇంట్లోకి అడుగుపెడుతున్నందుకు నవ్వొచ్చినట్టయింది. కానీ నవ్వలేదు.

ఛానెల్ కంప్యూటర్లో తెరిచే ఉంది. వాళ్ల ముందే కుర్చీ లాక్కుని కూర్చుంది. నలభై ఒకటీ తీసేసింది. తీసే ముందు ప్రతిదానికీ 'నిజంగానే తొలగించాలా?' అని కంప్యూటర్ అడిగింది, ప్రతిసారీ ఆమె అవునంది. తమ్ముడు మధ్యలో చెయ్యి పట్టుకోబోయి, ఆమె చూపు చూసి వెనక్కి తగ్గాడు. "అంతా నాశనం చేశావ్. నాలుగు నెలల పని" అన్నాడు. ఈసారి అతని గొంతులో నిజమైన ఏడుపు ఉంది. ఆ ఏడుపు విని ఆమెకి మరింత ఏవగింపు కలిగింది. ఛానెల్‌ని కూడా మూసేసి, ఫోల్డరు మొత్తం చెరిపేసి, ఆ రెండు ప్రోగ్రాములూ పీకేసింది.

తమ్ముడు గంట కూడా ఉండలేదు. స్నేహితుడి గదికి పోతున్నానని చెప్పి, బ్యాగు భుజాన వేసుకుని, తలుపు గోడ అదిరేట్టు వేసి వెళ్లిపోయాడు. సెంటు వాసన మాత్రం సాయంత్రం దాకా వరండాలో ఉంది.

అలవాటుకొద్దీ ఆమె ఆట తెరిచి పరీక్షించింది. అలలు నూనెలా జారుతున్నాయి. ఎక్కడా ఆగడం లేదు. అది ఇంత హాయిగా నడవడం కూడా ఆమెకి గిట్టలేదు. మూసేసింది.

ఏడింటికి నర్సమ్మ ఆటలోకి వచ్చింది. ఇంజినమ్మ దాచకుండా మొత్తం చెప్పింది.

"ఆయన నాకు మెసేజీలో చెప్పారు. ఆ వీడియోల్లో ఒకటి నేనూ విన్నాను. ఆ గొంతు మీదేనండీ" అంది నర్సమ్మ.

"గొంతు నాదే. నోరు మా తమ్ముడిది."

"నమ్మమంటారా?"

"నమ్మకపోయినా మీ తప్పు లేదు. పందెం వేసుకున్నామన్నాడు కదా, మీరు వేయలేదని మీకు తెలుసు. అది అబద్ధమైతే మిగతాదీ అబద్ధమేనని మీకెందుకు తోచలేదు?"

అవతల నర్సమ్మ ఊపిరి వినబడింది. "తోచింది. కానీ మీరొక్కరే నవ్వుకుని నా పేరు కలిపారేమో అనుకున్నా. రోజూ మీతో ఆడుతూ, మీరు ఎప్పుడు బయటపడతారా అని చూస్తున్నా. నాకూ అసహ్యంగానే ఉండేది." తర్వాత, "ఆయన ఫోన్ ఎత్తడం లేదు. మెసేజీలు మాత్రం చదువుతున్నారు. నంబరు ఇస్తా, రాయండి" అంది.

ఆ మెసేజీ రాయడానికి ఆమెకి రెండు సాయంత్రాలు పట్టింది. మొదటిసారి రాసింది చదువుకుంటే మర్యాద మాటలతో జిడ్డోడుతోంది. రెండోసారి రాసినదాన్నిండా తన బాధే. చెరిపేసింది. చివరికి జరిగింది జరిగినట్టు రాసింది. ఎవరు చేశారు, ఎలా తెలిసింది, ఏం తీసేసింది, తీసేసినా ఎవరి ఫోన్లలోనైనా మిగిలిపోయి ఉండొచ్చన్నది కూడా. పెదనాన్న సంగతి రాయాలా వద్దా అని తన్నుకులాడి, అదీ రాసింది. క్షమించమని మాత్రం అడగలేదు. ఆ మాట చెప్పబోయే ఆయన ఆగిపోయాడని గుర్తుంది.

మూడు రోజులకి జవాబొచ్చింది.

'అమ్మా, మీరు కాదని తెలిశాక ఒక రాత్రి నిద్రపట్టింది. మీ మీద నాకేం లేదు. పెదనాన్నగారి మాట రాయకపోతే నాకు తెలిసేది కాదు, అయినా రాశారు. కానీ మీ గొంతు తలుచుకుంటేనే నాలుక మొద్దుబారిపోతోంది. అది మీ తప్పు కాదు, నా చేతుల్లోనూ లేదు. తూర్పు రేవుకి దారి మ్యాపు గీసి పంపుతున్నాను. నేను లేకపోయినా పనికొస్తుంది. నర్సమ్మగారికి నమస్కారాలు.'

కింద మ్యాపు ఉంది. రాళ్లూ, సుడులూ, లోతులూ సన్నటి పెన్సిలు గీతల్లో, అక్షరాలు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. చేతిరాతలో ఆయన ఎక్కడా తడబడలేదు. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ఫోన్ చేయాలనిపించింది, చేస్తే వినబడేది ఆ గొంతే కదా అని ఆగిపోయింది.

తమ్ముడు రెండు వారాలకి ఫోన్ చేశాడు. ఏమీ జరగనట్టే. "అక్కా, ఇంకా కోపమేనా? ఇదిగో, విను" అని, నవ్వించడానికి బావ గొంతుతో మాట్లాడాడు, భర్త నిద్రమత్తులో గొణిగేది అచ్చుదించేశాడు. అంత బాగా చేశాడు కాబట్టే ఆమె ఫోన్ని చెవికి దూరంగా జరిపింది. "నీ గొంతుతో మాట్లాడాలనిపించినప్పుడు చెయ్యి" అని పెట్టేసింది. అతను మళ్లీ చేయలేదు.

ఆమె, నర్సమ్మ ఇద్దరే పడవ నడుపుతున్నారు. మూడో మనిషిని తీసుకోలేదు. ఆ మ్యాపుతో తూర్పు రేవు మూడుసార్లు చేరారు.

ఇంట్లో భార్యాభర్తల మధ్య అవసరమైన మాటలే నడుస్తున్నాయి. బియ్యం అయిపోయింది, కరెంటు బిల్లొచ్చింది, తలుపేసుకో. ఒక సాయంత్రం ఆమె ఆట ముగించి హెడ్‌ఫోన్ తీసేసరికి, ఈపాటికి పడుకోవాల్సిన మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు.

"ఒకటి చూశానన్నాను కదా" అన్నాడు ఆయన, తలుపు గడియ వేలితో రాస్తూ. "ఒకటి కాదు. పది పన్నెండు చూశాను. బేకరీలో అందరికీ చూపించాను. మా ఆవిడ గొంతే అని కూడా చెప్పాను."

ఆమె చేతిలోని హెడ్‌ఫోన్ వైరు చుట్టడం ఆపింది.

"ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"పిండి పిసుకుతుంటే ఇవాళ ఒకడు అడిగాడు. కొత్తవి రావడం లేదేంటని. వాణ్ని చూస్తే... ఏమో. తిన్నది సయించలేదు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఓదార్చాలనిపించలేదు, తిట్టాలనీ అనిపించలేదు.

"రేపు వెళ్లి వాళ్లకి చెప్పండి. అందరికీ. ఆ గొంతు నాది కాదని, ఆ ముసలాయన ఎవరో, ఏమయ్యాడో" అంది.

"చెబితే నా మొహాన ఉమ్మేస్తారు."

"ఉమ్మేస్తే కడుక్కుని రండి" అని ఆమె లైటు ఆర్పింది.